ఎంపిక వారిది, ఖర్చు మనది

సావనీరులో వ్యాసమంటే నిరుద్యోగం మీదో, వరకట్నం మీదో, యువత కర్తవ్యం మీదో రాయడం ఆనవాయితీ. అవి రాయదగ్గ విషయాలే, కాదనను. నేను మాత్రం ఈసారి టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె గురించి, అనగా కన్సోల్ గురించి, అందులో పెట్టే డిస్కు గురించి రాయదలిచాను. ముసునూరు మామిడితోటల్లో పెరిగినవాడికి ఈ గొడవెందుకని కొందరు నవ్వవచ్చు. నవ్వండి, కాని చివరిదాకా చదివి నవ్వండి. ఎందుచేతనంటే ఇది ఆటల సంగతి కన్నా ధరల సంగతి. తయారీదారుడు తన లాభనష్టాలు చూసుకుని ఒక నిర్ణయం చేస్తే, అందులో నోరు మెదిపే హక్కు లేని కొనుగోలుదారుడు దాని ఖర్చును ఏళ్ళ తరబడి ఎలా మోస్తాడో చెప్పడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కన్సోల్ ఖరీదంటే అట్టపెట్టె మీద వేసిన అంకె ఒక్కటే కాదు. అందులోకి కొనే ఆటల ఖరీదు కలపాలి, ఆడేశాక తిరిగి అమ్ముకుంటే వచ్చే డబ్బు తీసెయ్యాలి. అప్పుడు మిగిలేదే అసలు ఖరీదు. ఈ లెక్క వేసి చూస్తే, కొత్తరకం డిస్కు తెచ్చిన పెట్టె మొదట్లో ఖరీదెక్కువ, డిస్కే లేని పెట్టె చివరకు ఖరీదెక్కువ. రెండు సందర్భాల్లోనూ బిల్లు చెల్లించేది మనమే.

మా వైపు రైతులకు ఈ లెక్క చెప్పకుండానే అర్థమవుతుంది. తోట వేసేనాడు ఏ అంటు నాటాలన్నది ఒక్కరోజు నిర్ణయం. చిన్నరసాలు పెట్టాలా, బంగినపల్లి పెట్టాలా, కలెక్టరు కాయ పెట్టాలా? నూజివీడు రసం తినడానికి అమృతమే, కాని మెత్తన, దూర ప్రయాణానికి ఆగదు. బంగినపల్లి లారీ ఎక్కి ఉత్తరాది దాకా పోతుంది. కలెక్టరును గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళు కొంటారు. అంటు కాపుకి రావడానికే నాలుగైదేళ్ళు పడుతుంది. ఆ పైన ముప్ఫై నలభై ఏళ్ళు ఆ రకమే గతి. మధ్యలో మార్కెట్టు మాట మారిందని చెట్టును అంత తేలిగ్గా మార్చుకోలేం. డిస్కు ఎంపిక కూడా ఇటువంటిదే. ఒక తరం కన్సోల్ ఆరేడేళ్ళు నడుస్తుంది. మొదటిరోజు పెట్టిన డ్రైవు ఏ డిస్కు చదువుతుందో ఆ ఆరేడేళ్ళ ఆటలన్నీ ఆ డిస్కు మీదే రావాలి. అయితే ఒక్క తేడా ఉంది. తోటలో అంటు ఎంచుకున్న రైతే దాని లాభనష్టాలు భరిస్తాడు. ఇక్కడ ఎంచుకునేది ఒకరు, భరించేది మరొకరు.

ఇప్పుడు కాస్త భౌతికశాస్త్రం. ఆర్ట్స్, కామర్స్ మిత్రులు బెదరవద్దు, హైస్కూలు లెక్కే. సీడీ గాని, డీవీడీ గాని, బ్లూ-రే గాని అన్నీ 12 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్ళేలే. సమాచారమంతా కంటికి ఆనని చిన్న గుంటల రూపంలో ఉంటుంది. లేజరు కిరణం ఆ గుంటల మీద పడి తిరిగొచ్చే వెలుతుర్ని బట్టి డ్రైవు చదువుతుంది. కిరణపు చుక్క ఎంత సన్నగా ఉంటే గుంటలను అంత దగ్గర దగ్గరగా వేయవచ్చు. చుక్క వెడల్పు కాంతి తరంగదైర్ఘ్యాన్ని బట్టి పెరుగుతుంది, లెన్సు న్యూమరికల్ ఎపర్చర్‌ను బట్టి తగ్గుతుంది. డీవీడీలో 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, ఎపర్చర్ 0.60. బ్లూ-రేలో 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు, ఎపర్చర్ 0.85. భాగహారం చేసి చూడండి. డీవీడీ చుక్క బ్లూ-రే చుక్క కంటే రమారమి 2.27 రెట్లు వెడల్పు. వైశాల్యం కావాలి గనుక వర్గం చేస్తే 5 రెట్లు దాటుతుంది. డీవీడీ ఒక్క పొరలో 4.7 గిగాబైట్లు పడతాయి. దాన్ని ఆ రెట్లతో హెచ్చిస్తే దాదాపు 24. నిజంగా బ్లూ-రే పొరలో పట్టేది 25. మన లేబొరేటరీలో చేసే ప్రయోగాల్లో చాలావాటికి ఇంత చక్కని సమాధానం రాదు!

బ్లూ-రేకు పోటీగా తోషిబా వాళ్ళు నిలబెట్టిన హెచ్‌డీ డీవీడీలో కూడా అదే 405 నానోమీటర్ల లేజరు. కాని ఎపర్చర్ 0.65 దగ్గరే ఉంచారు. అందుకని పొరకు 15 గిగాబైట్లే పట్టాయి. మరి వాళ్ళకు తెలియక అలా చేశారా? కాదు. బ్లూ-రేలో సమాచారపు పొర డిస్కు పైభాగానికి కేవలం 0.1 మిల్లీమీటరు లోతున ఉంటుంది. గీత పడితే ప్రమాదం గనుక దాని మీద గట్టి పూత వేయాలి. అచ్చువేసే యంత్రాలూ కొత్తవి కావాలి. హెచ్‌డీ డీవీడీలో మాత్రం డీవీడీలో లాగానే 0.6 మిల్లీమీటర్ల పళ్ళేలు రెండు అతికిస్తే చాలు. పాత డీవీడీ ఫ్యాక్టరీనే కొద్దిగా మార్చుకోవచ్చు. అంటే ఒకరు పట్టుదల చూసుకున్నారు, మరొకరు పెట్టుబడి చూసుకున్నారు. ఏది ఎంచుకున్నా అందులో ఒక బేరం ఉంది. ఆ బేరం ఎవరి జేబులోంచి తీరిందన్నదే మన ప్రశ్న.

చరిత్ర చూస్తే డిస్కు ఎంపిక కొన్నిసార్లు కొనేవాడికి మేలు చేసిన మాట నిజం. 1994 డిసెంబరులో సోనీ మొదటి ప్లేస్టేషన్‌ను సీడీతో తెచ్చింది. 1996లో నింటెండో 64 మాత్రం పాత పద్ధతిలో చిప్పులున్న కార్ట్రిడ్జితోనే వచ్చింది. కార్ట్రిడ్జి చేయడం ఖరీదు, పట్టేది మహా అయితే 64 మెగాబైట్లు. సీడీ అచ్చువేయడం చవక, పట్టేది 650 పైన. ఫైనల్ ఫాంటసీ 7 అనే పెద్ద ఆట 1997లో మూడు సీడీల మీద ప్లేస్టేషన్‌కే వెళ్ళింది. చివరకు ప్లేస్టేషన్ 10 కోట్లు దాటి అమ్ముడుపోగా నింటెండో 64 సుమారు 3.3 కోట్ల దగ్గర ఆగింది. తరువాత 2000 మార్చిలో ప్లేస్టేషన్ 2 డీవీడీతో వచ్చింది. సినిమాలు చూసుకునే డీవీడీ ప్లేయరూ అదే, ఆటల పెట్టే అదే. ఒక్క ఖర్చుతో రెండు పనులు. అది 15 కోట్లకు పైగా అమ్ముడుపోవడంలో ఆశ్చర్యమేముంది? ఈ రెండు ఉదాహరణల్లోనూ గమనించవలసిందొకటి ఉంది. సీడీ 1982 నుంచీ, డీవీడీ 1996 నుంచీ బజారులో ఉన్నాయి. అప్పటికే లోకమంతా తయారుచేస్తున్న డిస్కును తీసుకొచ్చి పెట్టెలో పెట్టారు గనుక చవకయింది.

తరువాతి తరంలో కథ తిరగబడింది. 2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360ని మామూలు డీవీడీ డ్రైవుతోనే విడుదల చేసింది. అమెరికాలో ధర 299, 399 డాలర్లు. సోనీ మాత్రం ప్లేస్టేషన్ 3లో అప్పుడే పుడుతున్న బ్లూ-రేను పెట్టింది. నీలి లేజరు డయోడ్లు చాలినన్ని తయారు కాలేదు. 2006 సెప్టెంబరులో సోనీయే ఆ కారణం చెప్పి ఐరోపా విడుదలను 2007 మార్చికి వాయిదా వేసింది. అమెరికాలో 2006 నవంబరులో వచ్చిన ధర 499, 599 డాలర్లు. పెట్టెను విప్పి భాగాల లెక్కగట్టిన ఐసప్లై అనే పరిశోధన సంస్థ, 599 డాలర్ల పెట్టెకు తయారీ ఖర్చే సుమారు 840 డాలర్లని, అందులో బ్లూ-రే డ్రైవు ఒక్కటే 125 డాలర్లని అంచనా వేసింది. అంటే దాదాపు ఏడో వంతు. మిగతా భారం సెల్ అనే కొత్త ప్రాసెసరుది, బొమ్మలు గీసే చిప్పుది, ఇతర భాగాలది. తప్పంతా డిస్కుదేనని నేనడం లేదు. కాని ప్రాసెసరు ఖరీదైతే ఆట వేగమైనా పెరుగుతుంది. డిస్కు ఖరీదు మాత్రం ఆటగాడి కోసం పెట్టింది కాదు, సినిమాల మార్కెట్టులో తోషిబాను ఓడించడానికి పెట్టింది. ఆ యుద్ధానికి చందా వసూలు చేసింది ఆటగాడి దగ్గర.

మన దేశానికి వచ్చేసరికి ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్లు కనపడింది. ఎక్స్‌బాక్స్ 360 ఇక్కడ 2006 సెప్టెంబరులో రూ.19,990కి, కొంచెం పెద్దది రూ.23,990కి వచ్చింది. ప్లేస్టేషన్ 3 2007 ఏప్రిల్‌లో రూ.39,990కి వచ్చింది. సరిగ్గా మామిడికాయ మార్కెట్టుకెక్కే నెల. తోట గుత్తకిచ్చిన డబ్బులో ఎరువుల బాకీ, పిల్లల ఫీజులు పోగా చేతిలో మిగిలేదెంతో రైతుబిడ్డలెవరైనా చెప్పగలరు. అమెరికావాడికి వంద డాలర్ల తేడా మన దగ్గరికొచ్చేసరికి దిగుమతి సుంకాలు, పన్నులు కలుపుకుని వేల రూపాయల తేడా అవుతుంది. నీలి లేజరు భారం అందరికన్నా ఎక్కువ మోసింది అందరికన్నా తక్కువ సంపాదించేవాడే.

అయితే మైక్రోసాఫ్ట్‌ను ఆకాశానికెత్తనక్కర్లేదు. సినిమాలు చూడదలిచినవారి కోసం వాళ్ళు 2006 నవంబరులో హెచ్‌డీ డీవీడీ డ్రైవును విడిగా 199 డాలర్లకు అమ్మారు. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ-రే వైపు మొగ్గింది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. మరి నాలుగు రోజులకు మైక్రోసాఫ్ట్ ఆ డ్రైవు తయారీ ఆపేసింది. కొన్నవారి సొమ్ము నీళ్ళపాలయింది. గెలిచిన సోనీ కూడా సుఖపడలేదు. 2007 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఆ సంస్థ ఆటల విభాగం నష్టం 23,230 కోట్ల యెన్‌లు. ఈ ఇద్దరూ కొట్టుకుంటుంటే నింటెండో వాళ్ళు మామూలు డీవీడీ తరహా డిస్కుతో, సినిమాలు చూపించని చిన్న పెట్టెను, వీ అనే పేరుతో, 249.99 డాలర్లకు అమ్మి 10 కోట్లు దాటించారు. ఆ తరంలో అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది అదే. చవక డిస్కుతో కూడా జనం సంతోషించారని దీనివల్ల తేలడం లేదూ?

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. డీవీడీ ఇరుకయింది. ఫైనల్ ఫాంటసీ 13 ప్లేస్టేషన్ 3లో ఒక్క బ్లూ-రే మీద వస్తే, ఎక్స్‌బాక్స్ 360లో మూడు డీవీడీలు పట్టింది. ఆట మధ్యలో లేచి వెళ్ళి డిస్కు మార్చాలి. ఇటు బ్లూ-రే పెద్దదే గాని ప్లేస్టేషన్ 3 డ్రైవు చదివే వేగం సెకనుకు 9 మెగాబైట్లే. అందుకని చాలా ఆటలను ముందు హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోవలసి వచ్చింది. 2013 నాటికి డయోడ్లు చవకయ్యాయి, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ బ్లూ-రేతోనే వచ్చాయి, ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లకు దిగింది. కాబట్టి బ్లూ-రే చెడ్డదని కాదు నా వాదన. అది పచ్చికాయగా ఉన్నప్పుడు కోసి మన చేత కొనిపించారన్నదే నా వాదన. కార్బైడు పెట్టి మగ్గించిన కాయ పైకి పండులాగే ఉంటుంది, ధరా పండు ధరే ఉంటుంది. తిన్నవాడికి తెలుస్తుంది.

చవక డిస్కు ఏం చేయగలదో తెలుగునాట మనం కళ్ళారా చూశాం. డీవీడీ కన్నా ముందు మన ఊళ్ళలో రాజ్యమేలింది వీసీడీ. ఒక డిస్కులో గంటా పావు పట్టేది. ఒక్క తెలుగు సినిమాకు రెండు మూడు డిస్కులు మార్చేవాళ్ళు, అయినా ఎవరూ విసుక్కోలేదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ అనే భారతీయ సంస్థ వీసీడీని రూ.28కి, డీవీడీని రూ.34కి అమ్మడం మొదలుపెట్టేసరికి తెలుగు సినిమాలు కిరాణా కొట్లలో కూడా దొరికాయి. ఆ సంస్థ తరువాత చితికిపోయి దివాలా చర్యల పాలయింది, అది వేరే కథ. కాని ఆ రోజుల్లో ఒక డిస్కు వీధి మొత్తం తిరిగేది. ఒకరు కొంటే పదిళ్ళ వాళ్ళు చూసేవారు.

ఆటల విషయంలోనూ అంతే. 2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ వారు హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేశారు. పూర్తిగా మన దేశంలో తయారై ఆ యంత్రం మీద వచ్చిన తొలి ఆట అదే. అదే ఏడాది హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర వారు దేశీ అడ్డా పేరుతో కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటాల ఆటలను డిస్కుకెక్కించారు. గమనించండి, అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండున్నరేళ్ళయింది. అయినా మనవాళ్ళ ఆటలు దిగింది తొమ్మిదేళ్ళ పాత యంత్రంలోని పాత డీవీడీ మీద. ఎందుకని? మన జనం ఇళ్ళలో ఉన్నది అదే గనుక. కొత్త డిస్కు మీద మోజు పడే స్తోమతు మన బజారుకు లేదు. కొత్త తరం ఖరీదైనప్పుడల్లా ఆడేవాళ్ళే కాదు, తయారుచేసే తెలుగు కుర్రవాళ్ళు కూడా గుమ్మం బయటే నిలబడతారు.

ఇక ప్రస్తుతానికి వద్దాం. ఇప్పుడు గొడవ ఏ డిస్కు అని కాదు, అసలు డిస్కు ఉండాలా వద్దా అని. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్కున్నది రూ.49,990, లేనిది రూ.39,990. పదివేలు తక్కువంటే ఎవరికి చేదు? కాని కాగితం మీద లెక్క వేద్దాం. అప్పట్లో పెద్ద ఆటల్లో ఒక్కోటి రూ.4,999. డిస్కున్న ఇద్దరు స్నేహితులు చెరొక ఆట కొని, ఆడేసి, మార్చుకున్నారనుకోండి. ఒక్కొక్కరికి రూ.4,999 మిగిలినట్లే. అలా రెండోసారి మార్చుకుంటే మిగులు రూ.9,998. పెట్టె కొనేటప్పుడు ఎక్కువ ఇచ్చిన పదివేలకు రెండు రూపాయలే తక్కువ. మూడో మార్పిడి నుంచి అంతా లాభమే. ఆడేసిన డిస్కును సగం ధరకు అమ్ముకున్నా లెక్క త్వరగానే తేలుతుంది. డిస్కు లేని పెట్టెలో కొన్న ఆటను తమ్ముడికి ఇవ్వలేం, పక్క గది మిత్రుడికి ఇవ్వలేం, అమ్మలేం. దాన్ని అమ్మే అంగడి కూడా ఒక్కటే, పెట్టె చేసినవాడిదే. ఒక్క కమీషన్ కొట్టే ఉన్న ఊళ్ళో కాయ ధర ఎలా పలుకుతుందో మా నాన్నలను అడగండి.

పైగా ఆ ఇచ్చిన తగ్గింపు కూడా నిలవలేదు. అమెరికాలో 2020లో రెండు పెట్టెల మధ్య తేడా వంద డాలర్లు. 2023లో సన్నని నమూనా వచ్చేసరికి డిస్కున్నది 499.99, లేనిది 449.99, అంటే తేడా యాభై. మనసు మారి డ్రైవు విడిగా తెచ్చుకుంటానంటే దాని ధర 79.99. మొత్తం 529.98. మొదటే డిస్కుతో కొన్నవాడికన్నా ముప్ఫై డాలర్లు అదనం. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో అయితే అప్పటి ధర 699.99 డాలర్లు పెట్టి కొన్నా డ్రైవు లేదు, విడిగా కొనుక్కోవలసి వచ్చింది. ఏనుగును అమ్మి అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే.

డిస్కు వద్దనేవారి వాదనలో పస లేకపోలేదు. డ్రైవు తిరిగే భాగం గనుక పాడవుతుంది. ప్లాస్టిక్కు, రవాణా ఆదా అవుతాయి. ఆన్‌లైన్ అంగడిలో అప్పుడప్పుడు సగం ధర తగ్గింపులుంటాయి. డిస్కు కొన్నా దిద్దుబాట్లు ఎలాగూ నెట్టులోంచే దించుకోవాలి. ఇవన్నీ నిజమే. కాని ఆ వాదన చేసేవారి ఇంటికి తీగ ద్వారా వేగమైన నెట్టు వస్తుంది. ఇవాళ పెద్ద ఆట ఒక్కోటి 100 గిగాబైట్లు. రోజుకి 2 గిగాబైట్ల ఫోను ప్యాకు మీద దించుకోవాలంటే, ఇంకే పనీ చేయకుండా, 50 రోజులు. ఆ లోపల మామిడి కాపు అయిపోతుంది!

రెండోది, అంగడి మూతపడితే? 2023 మార్చిలో నింటెండో తన 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ అంగడిలో అమ్మకాలు ఆపేసింది. 2024 జూలైలో ఎక్స్‌బాక్స్ 360 అంగడి మూతపడింది. ఆ ఆటల్లో డిస్కు మీద వచ్చినవి ఇప్పటికీ సెకండ్ హ్యాండులో దొరుకుతాయి. అంగడిలో మాత్రమే ఉన్నవి కొత్తగా కొనేవాడికి దొరకవు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మేది సొంతం కాదని, కేవలం వాడుకునే అనుమతి అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని దాని సారాంశం. కొనుక్కున్నది సొంతం కాదని చెప్పడానికి చట్టం కావలసి వచ్చిందంటే సంగతి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోండి.

డిస్కు ఉంటే సర్వం క్షేమమని కూడా నేననను. ది క్రూ అనే కార్ల ఆటను కంపెనీ 2024 మార్చి 31న సర్వర్లతో సహా ఆపేస్తే, డిస్కు ఉన్నవాళ్ళకు కూడా అది పనికిరాకుండా పోయింది. 2025లో వచ్చిన స్విచ్ 2 యంత్రానికి అమ్మే కార్డుల్లో కొన్నింటిలో ఆట ఉండదు, దించుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. పేరుకు సరుకు, లోపల చీటీ. కాబట్టి అడగవలసింది డ్రైవు ఒక్కటే కాదు, డిస్కు మీద పూర్తి ఆట కూడా.

అడిగితే ఏమవుతుందని నిరాశపడేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ విషయంలో 24 గంటలకొకసారి నెట్టుకు తగిలించి తీరాలని, వాడిన డిస్కుల అమ్మకం మీద ఆంక్షలుంటాయని ప్రకటించింది. జనం గగ్గోలు పెట్టారు. జూన్ 19న కంపెనీ ఆ నియమాలు వెనక్కి తీసుకుంది. అంటే అంటు నాటక ముందు అడిగితే వింటారు. నాటాక అడిగితే, కాపు చూశాక మాట్లాడదామంటారు. ఇప్పుడు మళ్ళీ నాటే వేళ వచ్చింది. 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్, ఏఎమ్‌డీ సంస్థలు తరువాతి తరం యంత్రాల కోసం కలిసి పనిచేస్తున్నట్లు ప్రకటించాయి.

ఈ సందర్భంలో మన కళాశాల సంగతి ఒకటి ప్రస్తావించాలి. కామన్ రూములో క్యారమ్ బోర్డుల పక్కన ఒక గేమ్ పెట్టె ఉంటే బాగుంటుందని మిత్రులు కొందరు అంటున్నారు, చవక గనుక డిస్కు లేనిది చాలంటున్నారు. యూనియన్ ఎప్పుడైనా కొనదలిస్తే డిస్కున్నదే కొనమని నా మనవి. మన దగ్గర సొమ్ము తక్కువ, చేతులు ఎక్కువ. హాస్టల్ కుర్రాళ్ళు, ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు తమ డిస్కులు తెచ్చి ఆడవచ్చు, మార్చుకోవచ్చు, లైబ్రరీ పుస్తకంలా రిజిస్టరులో రాసి ఇంటికి తీసుకెళ్ళవచ్చు. మనం వెళ్ళిపోయాక జూనియర్లకు అవి మిగులుతాయి. డిస్కు లేని పెట్టెలో కొన్నవన్నీ ఒక్క అకౌంటులో ఉంటాయి. ఆ పాస్‌వర్డు తెలిసిన సెక్రటరీ పరీక్షలు రాసి వెళ్ళిపోతే తరువాతి సంవత్సరం వాళ్ళ గతేమిటి?

తయారీదారులను నేను కోరేవి మూడే. ఒకటి, కొత్త తరం పెట్టెకు డ్రైవు తగిలించుకునే వీలుండాలి, ఆ తరం నడిచినంతకాలం అది మన దేశంలో కూడా దొరకాలి. రెండు, డిస్కు మీద పూర్తి ఆట ఉండాలి. మూడు, డ్రైవు తీసేసినప్పుడు మిగిలిన ఖర్చు ధరలో నిజంగా తగ్గి కనిపించాలి. కొత్త డిస్కు ఏదైనా తెస్తే ముందు దాన్ని పండనివ్వాలి, ఆ తరువాతే మన బుట్టలో వెయ్యాలి.

మా ఊళ్ళో కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటారు. రైతుకి ఆ బాధ తరతరాలుగా తెలుసు. కొన్నదాన్ని అసలు అమ్ముకోవడానికే వీల్లేని కొత్త పద్ధతికి సామెత ఇంకా పుట్టలేదు. అది పుట్టే అవసరం రాకుండా చూడవలసింది, కొనేముందు కాగితం తీసుకుని లెక్క వేయవలసింది, చదువుకున్న మనమే. విజ్ఞులైన పాఠకులు ఆలోచింతురు గాక.

– బి.ఎస్సీ. విద్యార్థి, ముసునూరు